రెండు పొరల బండ

ఆ రోజు కాఫీ తోట ఆస్పత్రిలో పన్నెండు మంచాలూ ఖాళీగానే ఉన్నాయి. అన్నింటి మీదా కొత్త తెల్లదుప్పట్లు పరిచారు. ఎవరూ ముట్టుకుని నలపకుండా గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. ఆ గుమ్మం బయట, మెట్ల పక్కన, గోనెపట్టా మీద జానీబీ కూతురు హఫీజా చలిజ్వరంతో వణికిపోతూ పడి ఉంది. పదిహేడేళ్ల పిల్ల. పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు లోపలి దాకా వినిపిస్తోంది.

"సామీ, ఒక్క మంచమియ్యి సామీ. దుప్పటి తీసేసి ఉత్త మంచం మీదనే పండుకోబెడతా. మల్లా నేనే అంతా కడిగి పోతా," అంటూ జానీబీ కంపౌండరు కాళ్లావేళ్లా పడింది.

"లండన్ నుంచి కంపెనీ పెద్దలు వస్తున్నారమ్మా. ఆస్పత్రి చూసి ఫోటోలు తీసుకుని పోతారు. ఈ రోజు ఎవరినీ పడుకోబెట్టొద్దని దొర ఆర్డరు. మేస్త్రి చీటీ తీసుకుని రేపు రా," అన్నాడు కంపౌండరు. అతను చెడ్డవాడేం కాదు. రెండు గోళీలు ఆమె చేతిలో పెట్టాడు కూడా. ఉద్యోగం పోతుందని భయపడ్డాడు, అంతే.

పెద్దలు మధ్యాహ్నం వచ్చారు. వాళ్లు రాకముందే కాపలావాళ్లు హఫీజాను గోనెపట్టాతో సహా ఎత్తి, కాఫీ గింజలు ఆరబోసే కళ్లం వెనక్కి చేర్చారు. ఒక తెల్లదొరసాని మంచం మీది దుప్పటిని చేత్తో నిమిరి, బాగుందన్నట్టు తల ఊపింది. ఫోటో తీశారు. కూలీల బాగోగులు కంపెనీ ఎంత చక్కగా చూస్తోందో ఆ ఫోటో చూసి లోకం మురిసిపోవాలి. కళ్లం వెనక, పొద్దు వాలకముందే, హఫీజా కన్ను మూసింది.

తోట అంచున, నీడ కోసం పెంచిన చెట్ల కింద పూడ్చిపెట్టారు. ఊరివాళ్లంతా తలా మూడు పిడికిళ్ల మన్ను వేశారు. హఫీజా తండ్రి ఇస్మాయిల్ బుద్ధెరిగినప్పటి నుంచి రాతి పనిలో బతికినవాడు. కూతురి తలకాడ పెట్టడానికి ఒక్క మంచి రాయి కోసం ఆ ఎర్రమట్టి కొండంతా వెతికాడు. దొరకలేదు. చివరికి హఫీజా కాఫీ పండు కోసే గంపనే గుర్తుగా బోర్లించి వచ్చారు.

మరునాడు తెల్లవారగానే, మంచులో, ఎప్పటిలాగే హాజరు పిలుపు. రైటరు పుస్తకం చూసి ఒక్కొక్క పేరే పిలుస్తాడు. పిలిచిన మనిషి 'హాజరు' అనాలి.

"హఫీజా."

ఎవరూ పలకలేదు.

"హఫీజా!" ఇంకోసారి పిలిచి, "గైరుహాజరు," అంటూ గీత గీశాడు రైటరు. "జానీబీ."

"హాజరు," అంది జానీబీ.

ఆరేళ్ల అలవాటు. నోరు దానంతట అదే పలికింది. బిడ్డను మట్టిలో పెట్టి పూట తిరగకముందే హాజరు పలికానే అని ఆమె తర్వాత ఎన్నిసార్లు నెత్తి కొట్టుకుందో. కంపెనీని క్షమించలేకపోవడం సరే, తనను తానే క్షమించుకోలేకపోయింది.

జానీబీ వాళ్లది జమ్మలమడుగు తాలూకాలో, పెన్న ఒడ్డున ఉన్న రాతికొట్టాల. దూదేకులవాళ్లు. ఒకప్పుడు విల్లు పట్టి దూది ఏకి పరుపులు కుట్టిన చేతులు వాళ్లవి. ప్రొద్దుటూరులో జిన్నింగు మిల్లులు లేచాక విల్లు అటకెక్కింది, చేతికి ఉలి వచ్చింది. మాలమాదిగలతో కలిసి గనిలో నాపబండలు తీసి బతకసాగారు. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా వాకిళ్లలో పరిచిన బండల్లో ఈ ఊరి చేతుల మీదుగా పోయినవి ఎన్నో. కానీ వాన లేకపోతే పంట లేదు, పంట లేకపోతే ఇల్లు కట్టేవాడు లేడు, ఇల్లు కట్టేవాడు లేకపోతే బండ కొనేవాడు లేడు. గంజికేంద్రాలు పెట్టిన కరువు ఏడు, తోటకు కూలీలను కుదిర్చే మేస్త్రి బాలసుబ్బయ్య, వాళ్లను కూడగట్టే పులివెందుల డిపో నుంచి మొదటి లారీ తెచ్చాడు. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అది పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. లారీ మాత్రం ఏటా కార్తీకంలో తప్పకుండా వస్తూనే ఉంది. నడవగలిగిన ప్రతి మనిషినీ కన్నడ దేశంలోని కాఫీ కొండకు ఎక్కించుకుపోయి, ఉగాది ముందు దించుతుంది.

కంపెనీ ఊరికే తీసుకుపోవడం లేదు మరి, ఊరిని బాగు కూడా చేస్తోంది! మూడేళ్ల కిందట బడి కట్టించింది. అయ్యవారు కోదండరామయ్యకు జీతం కంపెనీయే ఇస్తుంది. కార్తీకం నుంచి ఉగాది దాకా ఆ బడిలో అయ్యవారు తప్ప ఎవరూ ఉండరు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలందరూ కొండ మీద రాలిన పండు ఏరుతుంటారు. అయినా బడి ఫోటో కూడా లండన్ చేరింది.

కొండ దిగి వచ్చిన ఆ ఎండాకాలం ఇస్మాయిల్ గనిలోకి దిగి, వారం రోజులు వెతికి ఒక బండ తీశాడు. నల్లగా, నాలుగు వేళ్ల మందంతో, ఎక్కడా మచ్చ లేని బండ. ఇసుక వేసి రుద్ది రుద్ది నునుపు చేశాడు. జానీబీ పక్కన కూర్చుని నీళ్లు పోసింది. ఆ ఊరి కట్టుబాటు ప్రకారం ఆడవాళ్లు బండ మోయవచ్చు, పట్టుకోవచ్చు, నీళ్లు పోయవచ్చు. ఉలి మాత్రం ముట్టకూడదు. ముడితే గని గొడ్డుపోతుందని నమ్మకం.

ఆషాఢంలో కలుపు పనికి కొందరు కూలీలను తీసుకుపోవడానికి లారీ వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరూ మేస్త్రి ముందు నిలబడ్డారు.

"మేస్త్రీ, ఈ బండ లారీలో వేసుకోప్పా. బిడ్డ తలకాడ పెట్టల్ల," అన్నాడు ఇస్మాయిల్.

"పిచ్చిగాని పట్టిందా నీకు? తోటలో రాయి పెట్టనిస్తాడా దొర? ఈ పొద్దు రాయి పెడతారు. రేపు దాని చుట్టూ గోడ కావాలంటారు. ఎల్లుండి ఆ నేలే మాదంటారు," అన్నాడు బాలసుబ్బయ్య.

"అయితే నా బిడ్డ యాడుండాదో ఎట్ల తెలుస్తాది?" అంది జానీబీ.

"తెలిసి ఏం చేస్తావు మే? ఆ చెట్ల కింద ఈ వానలకు కొత్త మొక్కలు నాటతాండారు. గుంతలు కూడా తీసినారు."

కాఫీ మొక్కకు గుంత ఎంత లోతు తీస్తారో ఆమెకు తెలుసు. తన చేతులతోనే ఎన్నో తీసింది. ఆ రోజంతా ఆమె బండకు ఆనుకుని కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. సమాధి పోయింది. ఇక బిడ్డకు మిగిలింది పేరొక్కటే. ఆ పేరు ఈ రాతి మీద పడాలి, నలుగురూ తిరిగే చోట కనబడాలి. ఆ ఒక్క కోరిక పట్టుకుని ఆమె అన్నం తిన్నది, నీళ్లు తాగింది, బతికింది.

శ్రావణంలో కంపెనీ మరో మంచి పని తలపెట్టింది. రాతికొట్టాలలోనే ఆస్పత్రి. ఒక గది, ఒక వరండా, రెండు మంచాలు. బ్లాకు ఆఫీసరు జీపులో వచ్చి గ్రామాభివృద్ధి అంటే ఇదీ అని మెచ్చుకుని పోయాడు. గోడలు లేచాయి. కార్తీకంలో లారీలు వచ్చే రోజునే దొర, దొరసాని వచ్చి తెరుస్తారని కబురు. గోడలో పెట్టడానికి కంపెనీ పేరు చెక్కిన బండ కావాలి. బాలసుబ్బయ్య ఊరంతా తిరిగి తిరిగి, ఇస్మాయిల్ ఇంటి గోడకు ఆనించిన నల్లబండ ముందు ఆగాడు.

"ఇదిగో, ఇట్లాంటిదే కావల్ల నాకు."

"అది నా బిడ్డ బండ!" అని జానీబీ అడ్డం వచ్చింది.

"బండలకేం కరువు మే మీకు? ఇంకోటి తీసుకోండి." మేస్త్రి గొంతు తగ్గించి, "ఇంకో మాట. ఆ పొద్దు దొరసానికి పూలదండ నువ్వే వేయల్ల. బిడ్డ పోయినా కంపెనీ మీద కోపం పెట్టుకోని తల్లి అని పేపరోళ్లకు చూపిస్తారంట. కొత్త చీర ఇస్తారులే," అన్నాడు.

జానీబీ చేతికి దొరికిన చీపురు ఎత్తింది. ఇస్మాయిల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ ఆదివారం పొద్దున్నే ఊరంతా పీర్ల చావిట్లో కూడింది. ప్రొద్దుటూరు నుంచి హబీబుల్లా వచ్చాడు. జానీబీ పెద్దమ్మ కొడుకు. జిన్నింగు మిల్లులో కూలీలకు సంఘం పెట్టి, ఒకసారి జైలు చూసి వచ్చినవాడు. చావిడి మెట్ల మీద నిలబడి మాట్లాడడం మొదలుపెట్టాడో లేదో, ఐదుగురు బిడ్డల తండ్రి షంషుద్దీన్ లేచాడు.

"హబీబన్నా, నువ్వు మాటలు చెప్పి బస్సెక్కి పోతావు. పోయినోళ్లు తిరిగిరారు గదా. ఆస్పత్రి అన్నా మిగలనియ్యండి. కాన్పు కష్టమైతే జమ్మలమడుగు దాకా మంచం మీద మోస్కపోతాండాం. దొరను రేపినామంటే లారీ రాదు. లారీ రాకపోతే పిల్లోల్లకు ఏం పెడదాం? నాపరాయి ఉడకేసి పెడదామా?"

ఎవరూ నవ్వలేదు. అతను అన్నది నిజమే.

మంత్రసాని మస్తానమ్మ కర్ర ఊతంగా లేచింది. ఊరిలో సగం మందికి బొడ్డు కోసిన ముసలమ్మ. "ఆడ పన్నెండు మంచాలుండె గదా షంషూ. ఎవరికుండె? ఫోటోకుండె. ఈడ రెండు మంచాలకూ అదే మేస్త్రి చీటీ, అదే దొర తాళంచెవి. ఆస్పత్రి నాకు వద్దనల్యా నేను. శానా కావల్ల. తాళంచెవి మన చేతికి రాని ఆస్పత్రి మనదెట్లయితాదిరా?"

"అందుకే కోర్కెలు రాద్దాం," అన్నాడు హబీబుల్లా. "జబ్బు పడినోళ్లకు చీటీ లేకుండా మంచం ఇయ్యల్ల. కూలోల్లుండే లైనిండ్లలో మంత్రసాని ఉండల్ల. చచ్చిపోయినోళ్ల నేల మీద మొక్క నాటగూడదు, చుట్టూ కంచె వేయల్ల, రాయి పెట్టనియ్యల్ల. ఈ మూడూ రాసియ్యకపోతే ఎవురూ లారీ ఎక్కగూడదు."

"నా బండ సంగతేంది అన్నా?" అంది జానీబీ.

"నీ దుఃఖం నాకు తెలుసు జానమ్మా. కాని రాతి మీద ఒక పేరు చెక్కితే దొర భయపడడు. కోర్కెల కాగితమే ముఖ్యం."

జానీబీ లేచి చావిడి మధ్యకు వచ్చింది. ఆమె మీటింగుల్లో ఎన్నడూ మాట్లాడినది కాదు. "కాగితం దొర చదవకనే చించి పారేస్తాడన్నా. నువ్వు సంఘపోడివి గదా, ఈ ఆరేండ్లలో మన ఊరోళ్లు ఆ కొండ మీద ఎంతమంది పోయినారో చెప్పు సూద్దాం."

హబీబుల్లా జనం వైపు చూశాడు.

"నీకే గాదు, ఈడ ఉండే ఎవరికీ తెల్దు. ఎవరింటి ఏడుపు వాండ్లే ఏడ్చుకున్యాం. తెల్లారి లేచి హాజరు పలికినాం. నేనూ పలికినా. నా హఫీజా ఒక్కతే పోయిందని కుళ్లి కుళ్లి ఏడ్చినా. షంషూ, నీ తమ్ముడు యాడుండాడు? సైదున్నీసా, మీ నాయన యాడ? చెప్పండి!"

షంషుద్దీన్ తల దించుకుని, "ఖాదరు," అన్నాడు. తమ్ముడి పేరు. అతను మొదటి ఏడే చెట్టు మీద నుంచి పడి చచ్చిపోయాడు. ఇంకెవరో మూలనుంచి, "మా ఎల్లమ్మ," అన్నారు. ఇంకొకరు. ఇంకొకరు. హబీబుల్లా నేల మీద బొగ్గుతో గీతలు గీస్తూ వచ్చాడు. ఇరవై మూడు గీతలయ్యాయి. రెండొందల గడప లేని ఊరు. ఆ గీతల వైపు చూసి ఊరు ఊరంతా బావురుమంది. ఆరేళ్లుగా ఎవరికి వాళ్లు దాచుకున్న ఏడుపు ఆ పొద్దు ఒక్కటిగా బయటపడింది.

అప్పుడు ఇస్మాయిల్ లేచాడు. "ఆ బండ నాలుగు వేళ్ల మందముండాది. నాపరాయి పొరల రాయి గదా. అంచు చూసి ఉలి పెడితే రెండుగా చీలుతుంది. పైపొర మీద దొర పేరు చెక్కుతా. లోపొర మీద మనోళ్ల పేర్లు చెక్కుతా. రెంటినీ పల్చగా సున్నంతో అతికించి గోడలో పెడతా. మిగతాది మీరు చూసుకోండి."

హబీబుల్లా జానీబీ వైపు తిరిగాడు. "నేను తప్పుగా చెప్పినా జానమ్మా. కాగితమూ ఉండల్ల, బండా ఉండల్ల," అన్నాడు.

ఆ ఊరిలో తప్పు లేకుండా రాయగలిగినవాడు అయ్యవారు ఒక్కడే. జానీబీ బడికి పోయి, బండ మీద పేర్లు రాసిపెట్టమని అడిగింది.

"నా జీతం కంపెనీది జానీబీ. ఇంట్లో ముగ్గురు పిల్లలు," అన్నాడు కోదండరామయ్య. ఆమె వెనక్కి తిరిగింది.

మరునాడు మిట్టమధ్యాహ్నం గనిలో ఇస్మాయిల్ బండను చీల్చడానికి కూర్చున్నాడు. జానీబీ అంచు పట్టుకుంది, అతను సన్నటి ఉలితో చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. చివరి దెబ్బకు బండ చిన్న చప్పుడు చేసి రెండు నల్లటి పలకలుగా విడిపోయింది. అప్పుడు గని అంచున గొడుగు పట్టుకుని అయ్యవారు కనబడ్డాడు. దిగి వచ్చి, చొక్కా చేతులు మడిచి, బొగ్గు అందుకున్నాడు.

"మీరు చెప్పిన పేర్లలో రెండు నా హాజరుపట్టీలో ఉన్నవే. ఆ పిల్లలు సెలవులో ఉన్నారని రాసుకుంటూ వచ్చాను నేను," అన్నాడు. బండ మీది దుమ్ము ఊది వంగాడు.

వారం రోజులు ఊరివాళ్లు గంపల్లో సద్ది పెట్టుకుని గని పనికి వచ్చినట్టే వచ్చి, పోయిన తమవాళ్ల పేర్లు చెప్పి వెళ్లారు. అయ్యవారు బొగ్గుతో రాస్తాడు, ఇస్మాయిల్ చెక్కుతాడు. మొదటి పేరు హఫీజాది పెట్టమన్నారు అందరూ. జానీబీ ఒప్పుకోలేదు. ముందు పోయినవాళ్లు ముందు ఉండాలంది. హఫీజాది చివరి పేరయింది.

మస్తానమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె బండ ముందు కూర్చుంది.

"పేరు చెప్పత్తా," అన్నాడు ఇస్మాయిల్.

"నా మనవరాలి బిడ్డప్పా. పేరు పెట్టల్యా. నలభై దినాలు నిండినాక పెడదామనుకున్యాం. ఇరవై రెండో దినం మంచుకు బిగుసుకపోయింది. ఏం చెప్పేది?"

అయ్యవారి చేతిలో బొగ్గు ఆగిపోయింది. ఇస్మాయిల్ ఉలి నిలువుగా ఆనించి, బొటనవేలు పట్టేంత చిన్న గుంట తొలిచాడు. ముసలమ్మ అందులో వేలు పెట్టి చూసుకుంది. "చాలు నాయనా," అంది. ఇరవై మూడు పేర్లు గాక, అలాంటి గుంటలు మొత్తం ఏడయ్యాయి.

ఆస్పత్రి తెరిచే రోజు రానే వచ్చింది. ముందు రోజు బాలసుబ్బయ్య వచ్చి గోడలోని బండను చూసుకున్నాడు. కంపెనీ ఇచ్చిన కాగితం చూసి ఇస్మాయిల్ చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వేలితో టకటకమని తట్టాడు. లోపల బోలుగా మోగింది. రాతి పని తెలిసినవాడైతే ఆ చప్పుడుకే పట్టుకునేవాడు. మేస్త్రికి మనుషుల్ని ఎంచడమే తెలుసు, రాళ్లు తెలియవు.

మూడు లారీలు రోడ్డు మీద నిలబడ్డాయి. షామియానా వేశారు. దొర, దొరసాని, బ్లాకు ఆఫీసరు కుర్చీల్లో కూర్చున్నారు, వెనక కానిస్టేబుళ్లు నిలబడ్డారు. దొర ఇంగ్లీషులో మాట్లాడాడు, మేస్త్రి తెలుగులో చెప్పాడు. కంపెనీకి రాతికొట్టాల కన్నబిడ్డ లాంటిదట. దొరసాని బండ మీది పట్టుగుడ్డ లాగింది. చప్పట్లు మోగాయి. కెమెరా పట్టుకున్నవాడు ముందుకు వచ్చాడు.

"ఇప్పుడు జానీబీ పూలదండ వేస్తాది," అని మేస్త్రి పిలిచాడు.

జానీబీ పూలపళ్లెం పట్టుకుని నడిచింది. కంపెనీ చీర కట్టలేదు. హఫీజా పాత ఓణీ భుజాన వేసుకుంది. దొరసాని మెడ వంచింది. జానీబీ ఆమెను దాటి గోడ దగ్గరికి పోయింది. పూలు కింద పడ్డాయి. పళ్లెంలో పూల అడుగున దాచిన ఇస్మాయిల్ ఉలి, సుత్తి బయటపడ్డాయి.

ఆమె ఉలి అందుకోగానే జనంలో ఆడవాళ్లు అబ్బా అన్నారు. ఆడది ఉలి ముట్టింది. అతుకు ఎక్కడుందో భర్త ముందే చూపించాడు, ఆమె చేతులు మరిచిపోలేదు. ఒక దెబ్బ. రెండో దెబ్బ. మూడో దెబ్బకు కంపెనీ పేరు గోడ నుంచి ఊడి, దొర బూట్ల ముందు పడి ముక్కలైంది.

లోపలి నల్లటి పొర ఎండలో బయటపడింది.

కుర్చీలు పడిపోయాయి. కానిస్టేబుళ్లు ముందుకు ఉరకబోయారు. ఊరంతా అడ్డంగా నిలబడింది. ఆ గోల మధ్యలో కోదండరామయ్య మెట్లెక్కి, బడిలో హాజరు పిలిచే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"ఖాదరు!"

"హాజరు!" అన్నాడు షంషుద్దీన్. ఆస్పత్రిని చెడగొట్టొద్దన్న షంషుద్దీనే.

"ఎల్లమ్మ!"

"హాజరు!" జనం మధ్య నుంచి మూడు గొంతులు.

ఒక్కొక్క పేరే పిలుస్తుంటే ఒక్కొక్క ఇల్లు పలికింది. పేర్లు చివరికి వచ్చాయి. "హఫీజా!" అన్నాడు అయ్యవారు.

జానీబీ నోరు తెరిచింది. మంచులో, ఆ తెల్లవారుజామున, తన పేరుకు పలికిన ఆ మాటను ఇప్పుడు బిడ్డ పేరుకు పలకాలి. ఊరు ఎదురుచూసింది.

"హాజరు," అంది. ఆ ఒక్క మాటా అని, గోడకు తల ఆనించి ఏడ్చింది.

అయ్యవారు ఆగలేదు. మొదటి గుంటలో వేలు పెట్టాడు. పిలవడానికి పేరు లేదు. ఊరికే నిలబడ్డాడు. అంతమంది జనంలోంచి తల్లులందరూ ఒకే గొంతుతో "హాజరు!" అన్నారు. ఏడు గుంటలు. ఏడుసార్లు. కెమెరావాడు ఒక్క ఫోటో కూడా తీయలేదు.

హబీబుల్లా కోర్కెల కాగితం దొర ముందు పెట్టాడు. దొర చదవకుండానే మడిచి కింద పడేసి కారెక్కాడు. జానీబీ చెప్పినట్టే అయింది. సాయంత్రానికి జమ్మలమడుగు నుంచి పోలీసు వ్యాను వచ్చింది. ఆడవాళ్ల జోలికి పోకుండా ఇస్మాయిల్‌ను, హబీబుల్లాను, అయ్యవారిని ఎక్కించుకున్నారు. వ్యాను ఎక్కుతూ ఇస్మాయిల్, "మే, ఉలి తడిగా పెట్టొద్దు, తుప్పు పడతాది," అన్నాడు. కూతురు పోయిన రోజు నుంచి ఏడవని మనిషి, ఆ మాట అంటూ కంటతడి పెట్టాడు.

గోడలోని బండను పగలగొట్టమని ఎస్సై ఊరివాళ్లకు సమ్మెట ఇచ్చాడు. ఒక్కరూ అందుకోలేదు. చివరికి కానిస్టేబుళ్లే, రాయి కొట్టడం చేతకాక, ఒళ్లంతా చెమటలు కక్కుతూ పగలగొట్టారు. ఆస్పత్రికి తాళం వేశారు. మూడు లారీలూ ఖాళీగా తిరిగిపోయాయి.

ఆ తర్వాత సంగతి దాచడం ఎందుకు? ఊరు ఆకలితో మాడింది. ఒక పూట జొన్న గంజి, అది కూడా అందరికీ లేదు. జానీబీని చూసి మొహం తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు. కార్తీకంలో మొట్టమొదటిసారి బడి నిండా పిల్లలు కూర్చున్నారు. చదువు చెప్పడానికి అయ్యవారు లేడు. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చుని, పొద్దు వాలాక ఇళ్లకు పోయారు.

జానీబీ పగిలిన ముక్కల్లో వెతికింది. హఫీజా పేరులో సగం ఉన్న ముక్క ఒకటి దొరికింది. మిగతా సగం పిండి అయిపోయింది. రెండు రోజులు ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడో రోజు లేచి, ఉలి, సుత్తి, ముక్క పట్టుకుని గనికి పోయింది. కొత్త బండ ముందు కూర్చుని, సగం పేరును చూస్తూ చెక్కసాగింది. చెయ్యి తిరగలేదు. గీత వంకర పోయింది. బొటనవేలు చితికింది. మళ్లీ ఆనించింది. మధ్యాహ్నానికి మస్తానమ్మ కుండతో నీళ్లు తెచ్చి, బండ మీద పోసింది. మరునాడు సైదున్నీసా, పోయిన తన తండ్రి ఉలి పట్టుకుని వచ్చింది. ఆ మరునాడు షంషుద్దీన్ తన తమ్ముడి పేరు కోసం బండ మోసుకొచ్చి దించాడు. మొహం తిప్పుకున్నవాళ్లు కూడా వచ్చారు. గని గొడ్డుపోలేదు.

ముక్కల మీద మిగిలిన అక్షరాలు చూసి, లేనివి బడి పిల్లలతో బొగ్గుతో రాయించుకుని, పేర్లు చెక్కి ఆస్పత్రి దారి పొడవునా పాతారు. పోలీసులు వచ్చి పీకుతారు. ఆడవాళ్లు మళ్లీ పాతుతారు.

అలాంటి ఒక మధ్యాహ్నం, ఎవరో తెలియని మనిషి గని అంచున నిలబడింది. నెత్తిన గుడ్డ చుట్ట, దాని మీద చిన్న బండ. వేంపల్లె అవతలి పల్లె నుంచి బస్సులో, కాలినడకన వచ్చానంది.

"ఈడ పేర్లు చెక్కుతారంట గదక్కా. పులివెందుల డిపో కాడ లారీ కోసం కూచున్నోళ్లంతా ఇదే చెప్పుకుంటాండారు. మా ఊరోళ్లు లారీ ఎక్కేది లేదని లేచి వచ్చేసినారు. మా బిడ్డలు కూడా ఆ కొండలోనే ఉండారు. మాదీ చెక్కుతారా?"

"మీదీ మాదీ ఏముండాది, దించు," అని జానీబీ జరిగి పక్కన చోటిచ్చింది. బండ దించి, దుమ్ము తుడిచి, "పేరు చెప్పమ్మా," అంది.

"పేరు పెట్టల్యాక్కా," అంది.

జానీబీ ఆమె చెయ్యి అందుకుని బండ మీద పెట్టి, గుంట ఎక్కడ కావాలో చూపించమంది. మస్తానమ్మ నీళ్లు పోసింది. జానీబీ ఉలి నిలువుగా ఆనించి సుత్తి ఎత్తింది. గనిలో అప్పటికే మోగుతున్న ముప్పై ఉలుల చప్పుడులో ఆ చప్పుడు కూడా కలిసింది.